కోటు రోడ్డు మీద, అక్క ఆకాశంలో

మా అక్క నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి. దర్జీ పని చేసే మనిషికి అది మామూలే కదా. పెదవుల మధ్య అరడజను సూదులు బిగించుకుని, ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చుతూ, ఎవరేమడిగినా "ఊఁ", "ఊహూఁ" అని జవాబిస్తుంది. ఇన్నేళ్ళుగా తమ కాపురం చీకూచింతా లేకుండా సాగడానికి ఆ సూదులే కారణమని మా బావ గట్టి నమ్మకం.

"మీ అక్క నోట్లోంచి సూదులు తీసి పక్కన పెట్టిందంటే, నేను కారు తాళాలు వెతుక్కుంటాను బామ్మర్దీ" అంటాడు.

మా బావ అద్దెకారు నడుపుతాడు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆయనకు ఇంకో ఉద్యోగం ఉంది. దుకాణం మధ్యలో చేతులు చాపి నిలబడాలి. దుకాణం అంటే ఇంటి ముందుగదే. రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీబల్ల, వీధిలోకి ఒక కిటికీ. బట్టలు తొడిగి చూసుకునే బొమ్మ మాత్రం లేదు. మనిషంత మనిషి ఇంట్లో ఉండగా బొమ్మెందుకు దండగ అని అక్క వాదన. ఆమె కుట్టిన ప్రతి కోటూ, ప్రతి గౌనూ ముందు మా బావ ఒంటి మీదే పుడతాయి. ఒకసారి ఆయన పువ్వుల గౌనులో ఉండగా కారు మాట్లాడుకోవడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, "తర్వాత వస్తాన్లెండి" అని వెళ్ళాడు. ఆ "తర్వాత" ఎప్పుడొస్తుందా అని బావ ఇప్పటికీ చూస్తున్నాడు.

అక్కకు పనిలో ఒక్కటే పట్టింపు. ఎదుటివాడు నోటితో చెప్పిన కొలత నమ్మదు. "తన నడుం గురించి నిజం చెప్పిన మగాడు ఇంకా పుట్టలేదురా" అనేది. అలాంటి మనిషి, జీవితంలో ఒక్కసారి, ఫోన్లో చెప్పిన కొలతలకు గుడ్డ కత్తిరించింది.

ఆ ఫోను కొండల అవతలి పెద్ద నగరంలోని నాటకశాల నుంచి వచ్చింది. వాళ్ళ పాత దర్జీ పని మానేశాడట. కొత్త నాటకంలో రాజుకి ముదురు ఎరుపు మఖమలు కోటు కావాలి. మెడ చుట్టూ తీగ పెట్టి నిలబెట్టిన కాలరు, వెనక నేల మీద పాకే పొడుగాటి తోక. మొదటి ప్రదర్శన సాయంత్రం ఆరింటికి తెర లేచేసరికి ఆ కోటు రాజు ఒంటి మీద ఉండాలి. నచ్చితే, ఇక నుంచి ఆ నాటకశాల దుస్తులన్నీ అక్కవే. నచ్చకపోతే మళ్ళీ మామూలే, వీధిలోవాళ్ళ ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం.

అంచులంటే అక్కకు ఎంత విసుగో నాకు తెలుసు. "పొద్దున లేస్తే కాళ్ళే కాళ్ళురా తమ్ముడూ. పైన మనుషులున్నారో లేరో కూడా మరిచిపోయాను" అంది ఒకరోజు. అందుకే మేనేజరు కొలతలు ఫోన్లో చెప్తానంటే, తన పట్టింపు తానే మింగేసి, సరే అంది. విచిత్రం ఏమిటంటే ఆ కొలతలు అచ్చంగా మా బావవే. భుజం, ఛాతీ, నడుం, అన్నీ. ఇంక కావలసిందేముంది? పదిరోజులు మా బావ సాయంత్రాలన్నీ సింహాసనం లేని రాజుగా నిలబడ్డాడు.

కోటు చేతులు మాత్రం అక్క పూర్తిగా కుట్టలేదు. పచ్చికుట్లు వేసి వదిలేసింది. తొడుక్కునే మనిషి ఎదురుగా నిలబడి చెయ్యి ఎత్తి దించితే తప్ప ఆ కుట్టు ముగించదు. కాబట్టి కోటుతో పాటు ఆమె కూడా వెళ్ళాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. డ్రైవరు భార్య అయ్యుండీ అక్కకు కారు పడదు. కొండదారి మూడో మలుపు తిరిగేసరికి మొహం పండిన నిమ్మకాయ అవుతుంది. విమానంలో పంపిద్దామంటే కోటుకి అది పడదు. పెట్టెలో కుక్కితే తీగ కాలరు వంగుతుంది, మఖమలు నలుగుతుంది.

"అయితే అక్క విమానంలో, కోటు కారులో" అన్నాను. టిక్కెట్లు కొన్నది నేనే. అక్కకు తోడు వెళ్ళేదీ నేనే. అంతకుముందు విమానం ఎక్కినవాడిలా మాట్లాడాను కానీ, ఎక్కలేదు.

విమానం పేరెత్తితే మా బావకు ఒళ్ళుమంట. ఆ రెండు ఊళ్ళ మధ్య విమానాలు మొదలైనప్పటి నుంచి ఆయన బేరాలు సగమయ్యాయి. అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. "గంటలో వెళ్తుందట! ఏ గంట? ఎవడి గంట?"

ఆ రాత్రి భోజనాలయ్యాక అక్క గోడ మీది రోడ్ల పటం దగ్గర నిలబడింది. దారం చుట్ట తీసి, ఒక కొస మా ఊరి మీద సూదితో గుచ్చి, సూటిగా అవతలి నగరం దాకా లాగి తెంపింది. "ఇది విమానం." ఇంకో దారం రోడ్డు వెంబడి పరిచింది. ప్రతి మలుపు దగ్గరా ఒక సూది. తర్వాత రెండూ పక్కపక్కన వేలాడదీసింది. రోడ్డు దారం దాదాపు రెట్టింపు ఉంది.

"చూడండి. విమానానిది నిలువు కొలత. మీ రోడ్డుది నడుం చుట్టుకొలత. కొండకి పొట్ట ఉంది మరి" అంది.

బావ లేచాడు. ఆమె చేతిలోని చుట్ట లాక్కున్నాడు. "అయిందా? ఇప్పుడు నీ విమానానికి నేను అతుకులేస్తాను." బారెడు దారం లాగాడు. "ఇదీ ఇంటి నుంచి విమానాశ్రయం." ఇంకో బారెడు. "ఇది అక్కడ క్యూ. ఇది ఇంకో క్యూ. ఆ క్యూ ఎందుకో ఈ క్యూలో ఎవడికీ తెలీదు. ఇదీ కుర్చీల్లో కూర్చుని గోళ్ళు కొరుక్కోవడం. ఇదీ దిగాక సామాను కోసం గుడ్లప్పగించి చూడటం. ఇంకా అక్కణ్ణుంచి ఊళ్ళోకి రావద్దూ?" ఆయన కాళ్ళ దగ్గర దారం పిచ్చుకగూడులా కుప్పపడింది.

"దారం దండగ చేస్తున్నారు! ఇలా ఇవ్వండి!"

"దూరమంటే గడప నుంచి గడపకే! మధ్యలో నువ్వు గాల్లో ఎగిరితే నాకేంటి, గంతులేస్తే నాకేంటి? రేపు పొద్దున ఇదే గడప మీంచి ముగ్గురం ఒకేసారి బయల్దేరదాం. నాటకశాల గడప ఎవరు ముందు తొక్కుతారో చూద్దాం. ఏం బామ్మర్దీ?"

"ఓడితే?"

"నువ్వోడితే నెల్లాళ్ళు నా కారు కడుగు. నేనోడితే అన్నం దగ్గర విమానాన్ని తిట్టను."

"ఒట్టు వేయించుకోరా, ఒట్టు!" అంది అక్క.

మర్నాడు ఏడింటికి గడప దాటాం. కారు వెనక సీటు పైన కడ్డీ బిగించి కోటు వేలాడదీశాడు బావ. తోక సీటు మీద పరిచి, పైన తెల్లటి దుప్పటి కప్పాడు. ఎవరో ఒక పొడుగాటి మనిషి వెనక కూర్చుని నిద్రపోతున్నట్టుంది. "రాజుగారూ, బయల్దేరదామా?" అని ఆ కోటుకి చెప్పి, హారను కొట్టి, మా కళ్ళముందే మలుపు తిరిగిపోయాడు.

విమానాశ్రయంలో నేను ముందు నడిచాను, తెలిసినవాడిలా. రెండు చోట్ల తప్పు క్యూలో నిలబడ్డాం. మూడోది సరైనదే. అక్క లోహాల్ని పసిగట్టే ద్వారంలోంచి నడిచింది. కుయ్యిమంది.

"ఏమైనా ఇనుపవస్తువులున్నాయామ్మా?" అని తనిఖీ చేసే ఆవిడ అడిగింది.

"లేవే" అంది అక్క, నమ్మకంగా. అంతలోనే కాలరు కింద చెయ్యి పెట్టుకుని నాలుక కరుచుకుంది. నాలుగు గుండుసూదులు. తీసి పళ్ళెంలో పెట్టింది. మళ్ళీ నడిచింది. కుయ్యి. భుజం మీద మూడు. కుయ్యి. చేతి అంచులో వరసగా ఏడు. కుయ్యి. జడముడిలో దారంతో సహా ఒక సూది. వెనక క్యూ పెరుగుతోంది. వెనకాయన నాతో, "ఆవిడ మీకేమవుతారు?" అన్నాడు. నేను గడియారం చూసుకున్నాను. చివరికి పళ్ళెం ముళ్ళపందిలా తయారైంది. అయినా కుయ్యిమంటూనే ఉంది. అప్పుడు సంచీలోంచి కత్తెర బయటపడింది. జానెడున్నర పొడుగు.

"ఇది కూడా తీసుకుంటారా? దీంతో నేను ఎవర్నేం చేస్తాను తల్లీ?"

"రూలమ్మా."

"సరే. మర దగ్గర కాస్త నూనె వెయ్యి. బిగుసుకుపోతుంది" అని అప్పగింతలు పెట్టి వచ్చింది.

విమానం ఎక్కేముందు బావకి ఫోను చేశాను. "కొండ సగం ఎక్కేశాను! మీరెక్కడ?" అని అరిచాడు. మేమింకా నేల మీదే ఉన్నామని చెప్పలేక, "ఎగరబోతున్నాం" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ ఎగరబోవడం చాలాసేపు సాగింది. అవతలి నగరం మీద వానట. తలుపులు మూసుకుని అక్కడే కూర్చున్నాం. బావ లాగిన దారం కుప్పలో ఈ ముక్క లేదు. అది తలుచుకుంటే నాకు చాలా బాధేసింది.

చివరికి ఎగిరాక అక్క కిటికీకి ముక్కు ఆనించేసింది. కొండలు కింద నలిగిన గుడ్డలా ఉన్నాయి. మధ్యలో సన్నగా రోడ్డు. "ఒరేయ్! అదిగో, అదేదో తెల్ల కారు! మీ బావేనేమో!"

"ఇంత ఎత్తు నుంచి ఎలా తెలుస్తుందే?"

"ముందు బండిని దాటేస్తోంది చూడు, ఆయనే!" అని అద్దం మీద వేలితో కొట్టి, "మెల్లిగా వెళ్ళండీ!" అని అరిచింది. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగారు. ఆమె మొహం నిమ్మకాయ కాలేదు. దానిమ్మపువ్వులా ఉంది. మా అక్కను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. నేను నా బెల్టు ఎలా విప్పాలో తెలియక, దిగేదాకా దాన్ని అలాగే ఉంచుకుని, చివరికి పక్కాయన్ని బతిమాలుకున్నాను.

దిగాక తెలిసింది, ఆ నగరం విమానాశ్రయం ఆ నగరంలో లేదు. టాక్సీ ఎక్కి పొలాల మధ్య నుంచి పోతూనే ఉన్నాం. ఊరు కనబడ్డాక వాన నీళ్ళలో బళ్ళన్నీ చిక్కుపడి నిలబడ్డాయి. బావ ఫోను ఎత్తడం లేదు. అక్క వేళ్ళు ఒళ్ళో దారం లేకుండానే కుడుతున్నాయి. "కొండ దిగేటప్పుడు బ్రేకులు..." అని మొదలుపెట్టి ఆపేసింది.

నాటకశాల వీధి మొదట్లోనే టాక్సీ ఆగిపోయింది. దిగి పరిగెత్తాం. గుమ్మం దగ్గర గుంపు. గుంపు మధ్యలో ముదురు ఎరుపు మఖమలు కోటు తొడుక్కుని, తోక మడిచి మోచేతి మీద వేసుకుని, టీ తాగుతూ మా బావ!

"ఎంతసేపయిందయ్యా?" అన్నాను రొప్పుతూ.

"ఇది రెండో టీ, బామ్మర్దీ. బకెట్టూ గుడ్డా సిద్ధం చేసుకో."

వీధిలోకి కారు రానివ్వలేదట. చేతుల మీద మోసుకొస్తే తోక బురదలో పడుతుందని ఒంటి మీదే వేసుకుని నడిచొచ్చాడు. దారి పొడుగునా జనం పక్కకి తప్పుకుని నిలబడ్డారట. ఒక ముసలాయన టోపీ కూడా తీశాడట. అక్క ఇవేవీ వినలేదు. ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగి, కాలరు తడిమి, మఖమలు మీద చేత్తో నిమిరి, ఆఖర్న ఆయన చెంప మీద కూడా అదే చేత్తో ఒకసారి నిమిరింది. "ఫోను ఎత్తితే ఏం పోయింది మీకు?"

"రాజులు ఫోన్లు మాట్లాడరే."

మేనేజరు సన్నటి మనిషి, ఆదుర్దా మనిషి. చొక్కా మీద చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కోటు చూసి ఆయన మొహం విచ్చుకుంది. "అద్భుతం! ఇదే కావాలి! పదండి, మా రాజుగారికి తొడుగుదాం."

రాజు వేషం వేసే నటుడు తన గదిలో అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. లేచాడు. ఆయన లేచేసరికి గది చిన్నదైపోయింది. అక్క నన్ను చూసింది, నేను బావను చూశాను. బావ తన పొట్ట చూసుకున్నాడు.

కోటు తొడిగారు. చేతులు ఎక్కాయి. బొత్తాలు మాత్రం ఒడ్డుకీ ఒడ్డుకీ మధ్య ఏరున్నట్టు దూరంగా నిలబడ్డాయి.

"ఈ మధ్య కాస్త..." అన్నాడు నటుడు.

"ఎంత మధ్య?" అంది అక్క.

"కొలతలు... నేను మొదట్లో ఇక్కడ చేరినప్పటివి ఇచ్చి ఉంటారు" అని నటుడు చెవులు ఎర్రబడుతుండగా చెప్పాడు. మేనేజరు నుదురు కొట్టుకున్నాడు. తెర లేవడానికి గంట కూడా లేదు. "అయిపోయింది. పాత కోటు తీయండి. పాపం, మీరు అంత దూరం నుంచి వచ్చారు గానీ..."

"ఒక్క నిమిషం" అంది అక్క. ఆ గొంతు నాకు తెలుసు. సూదులు లేని గొంతు. బావ అలవాటుగా జేబులో కారు తాళాలు తడుముకున్నాడు.

"కత్తెర!"

మేకప్పాయన మీసాలు కత్తిరించే బుల్లి కత్తెరా, సూదీ దారం ఇచ్చాడు. అక్క పక్క కుట్లు విప్పి లోపల వదిలిన గుడ్డంతా బయటికి తీసి మళ్ళీ కుట్టింది. చాలలేదు. ఇంకా అరచేయంత ఏరు మిగిలింది. ఆమె క్షణం ఆగింది. తర్వాత నటుడి వెనక్కి వెళ్ళి, కళ్ళు ఒకసారి మూసుకుని, పదిరోజులు కుట్టిన కోటు వెన్నును కాలరు కింది నుంచి నడుం దాకా నిలువునా చీల్చేసింది. నేను చూడలేక తల తిప్పుకున్నాను. ముందు బొత్తాలు టకటకా కాజాల్లో పడ్డాయి. చేతుల పచ్చికుట్లు ఆయన ఒంటి మీదే ముగించి, వెనక చీలికను తెర తాడుతో అడ్డదిడ్డంగా బిగించి కట్టింది. ముందు నుంచి చూస్తే చక్రవర్తి. వెనక నుంచి చూస్తే పరుపు చుట్ట.

"ఇక రాజుగారు వెన్ను చూపించకూడదు" అంది.

దర్శకుడు ఎగిరిపడ్డాడు. "ఎలా కుదురుతుందమ్మా? రెండుసార్లు సభలోంచి కోపంగా విసవిసా వెనక్కి తిరిగి వెళ్తాడు, మూడోసారి వెనక్కి తిరిగి సింహాసనం ఎక్కుతాడు!"

"కోపం వస్తే వెనక్కి తిరగడం దేనికండీ? నేను ఈయన మీద అలిగితే మొహం చూపిస్తూనే వెనక్కి నడుస్తాను. ఏవండీ, భయం వేస్తుందా లేదా?"

"చచ్చే భయం" అన్నాడు బావ, మనస్ఫూర్తిగా.

"అంత తోకతో వెనక్కి నడిస్తే కాలికి చుట్టుకుని పడతాను కదమ్మా!" అన్నాడు నటుడు దీనంగా.

అప్పుడు మా బావ చొక్కా చేతులు పైకి మడిచాడు. "వెనక్కేగా? నాకొదిలెయ్యండి. సందులో లారీ పెట్టించినవాణ్ణి."

తెర లేచింది. అక్క, నేను రంగస్థలం పక్కన చీకట్లో నిలబడ్డాం. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు గుర్తులు మర్నాటికీ పోలేదు. రాజు ప్రవేశించగానే దీపాల కింద ఆ ఎరుపు భగ్గుమంది. జనంలో గుసగుస. రాజు మంత్రిని తిట్టాడు, సభను తిట్టాడు. ఇక నిష్క్రమించాలి. తోక కొసను బావ తెర వెనక నుంచి పట్టుకుని, చేప పడ్డ గాలంలా మెల్లిగా లాగడం మొదలుపెట్టాడు.

"రానీ... రానీ... కొంచెం ఎడమకి కొట్టు... చాలు... రానీ..." అని గుసగుసగా.

రాజు కళ్ళెర్రజేసి జనాన్నే చూస్తూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నాడు. భయంతో ఆయన అడుగులు బరువుగా పడుతున్నాయి. ఆ బరువు కోపంలా కనబడుతోంది. హాల్లో చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది.

"వెనక స్తంభం ఉంది... కుడికి... సరే, పోనీ... ఆపు!"

రాజు తెరలోకి మాయమయ్యాడు. హాలు దద్దరిల్లింది. దర్శకుడు నోరు తెరుచుకుని ఉండిపోయి, మేనేజరు చెవిలో, "ఈ నడక నేనే చెప్పానని రాయించండి" అన్నాడు. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. మూడోసారి సింహాసనం మెట్లు వెనక్కి ఎక్కాలి, తోక కొస తెర చాటున బావ చేతిలోనే ఉంది. "మెట్టు... ఇంకో మెట్టు... ఇంకొకటి... ఇక కూర్చో తండ్రీ!" రాజు కూలబడ్డాడు. తాడు టప్పుమని తెగింది. కానీ అప్పటికి ఆయన వెన్ను సింహాసనానికి ఆనుకుని ఉంది. ముందు బొత్తాలన్నీ ఊపిరి బిగబట్టి నిలిచాయి. తెర పడింది.

అక్క నా మణికట్టు వదిలి నేల మీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో చీకట్లో తెలియలేదు. బావ పక్కనే చతికిలబడి, చేతిలో తోక కొస అలాగే ఉంచుకుని, "నా జన్మలో ఇంత పెద్ద బండి వెనక్కి తీయలేదే" అన్నాడు.

దీపాలు వెలిగాక మేనేజరు చేతులు జోడించుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఇక మా బట్టలన్నీ మీవే. వచ్చే నాటకంలో పదహారుమంది. ఒక రాణి, ఒక సేనాపతి, అందరికీ కావాలి. కొలతలు రేపు ఫోన్లో చెప్పేస్తాను. మీరు మళ్ళీ ఇంత దూరం రానక్కర్లేదు."

అక్క లేచి నిలబడింది. సంచీలోంచి టేపు తీసి మెడలో వేసుకుంది.

"ఇప్పుడే తీసుకుంటాను. అందర్నీ పిలవండి. ఎవరూ బట్టలు మార్చుకోవద్దు, ఎవరూ నోటితో ఏమీ చెప్పొద్దు."

వేషాలతోనే వచ్చి వరసగా నిలబడ్డారు. మేనేజరును కూడా ఎందుకైనా మంచిదని అందులోనే నిలబెట్టింది. అందరికంటే ముందు రాజుగారే. చేతులు చాపి, ఛాతీ పొంగించి, పొట్ట వెన్నుకి అంటుకునేలా లోపలికి పీల్చి, పైకప్పు వైపు చూస్తున్నాడు. అక్క టేపు ఆయన నడుం చుట్టూ తిప్పి, తొందరేమీ లేనట్టు అలాగే పట్టుకుని నిలబడింది.

"ఊపిరి వదలండి" అంది. "నేనెక్కడికీ పోను. మీరు వదిలేదాకా ఇక్కడే ఉంటాను."